మాలిమి

చంద్రమౌళి చేసిన పని ఐలేశం చచ్చేదాకా మరిచిపోడు. పదిహేడేళ్లు ఎలుకల తోకల నుంచి చుక్క ఒలకకుండా నెత్తురు తీసిన చేతికి ఆ మేనేజరు చీపురిచ్చాడు. తోటి పనివాళ్లు ఆరుగురిని ఇంటికి పంపి, ఐలేశాన్ని మాత్రం గూళ్లలో పొట్టు మార్చడానికి ఉంచుకున్నాడు. అదేదో దయ చేసినట్టు మాట్లాడాడు. ఆ పని కూడా ఈ నెలాఖరుదాకానే.

ఇప్పుడు ప్రయోగశాలలో సూది లేదు, గాజు గొట్టం లేదు. ప్రతి ఎలుక తోక నరంలో రక్తసూచి అనే ఆవగింజంత పరికరం ఉంటుంది. తాగించిన మందు నెత్తుట్లోకి ఎంత చేరింది, కాలేయం దాన్ని ఎంత విచ్ఛిన్నం చేసింది, నిమిష నిమిషానికి గోడ మీద గీతగా చూపిస్తుంది. మందు తాగించేది యంత్రహస్తం. అక్కడ మనిషి ఎలుకను ముట్టుకుని నాలుగేళ్లయింది.

ఆ మధ్యాహ్నం గోడ మీద పన్నెండు గీతలు పన్నెండు దారులు పట్టాయి. శాస్త్రవేత్త సుమేధ అప్పటికి మూడుసార్లు రక్తసూచులు మార్పించింది.

"ఒకే మందు, ఒకే మోతాదు. ఒకదానికి అరగంటలో ఎక్కితే ఇంకోదానికి నాలుగు గంటలా? ఇలాగైతే ఈ మందునే పక్కన పెట్టేస్తారు," అంది గోడవైపు చూస్తూ.

"సూచి మంచిగనే ఉంది మేడం," అన్నాడు ఐలేశం చేతిలో పని ఆపకుండా. "ఎలుకనే మంచిగ లేదు."

"జబ్బా?"

"భయం. ఆ ఇనుప చెయ్యి దిగుడుతోనే మూలకు ముడుసుకుంటయి. బెదిరిన ఎలుక పొట్ట కదలదు. మందు ఆడనే కూసుంటది. ఒక్కొక్కదాని భయం ఒక్కొక్క తీరు. మీ గీతలు గూడ గట్లనే."

తలుపు దగ్గర చంద్రమౌళి నవ్వాడు. "మా ఐలేశం డాక్టరయ్యాడు."

"ఆరు దాకనే సదివిన సార్. ఎలుకలు సర్టిఫికెట్ అడగలే."

సుమేధ నవ్వలేదు. "ఏం చేయాలో చెప్పండి."

"ఏడు దినాలియ్యుండ్రి. మందొద్దు, ఇనుప చెయ్యి వద్దు."

ఏ ఎలుకను ఎత్తాలన్నా ఆ గూటి పొట్టులోనే ముందు తన చేతితొడుగులు ఆ వాసన అంటేలా రుద్దుకునేవాడు ఐలేశం. తోక పట్టి లేపడు. దోసిలి పట్టి, అదే ఎక్కేదాకా కూర్చుంటాడు. "రా బిడ్డా, తొందర లేదు," అంటాడు. మూడో రోజు సుమేధ కూడా పక్కన కూర్చుంది.

"నా చేతిలోకి రావట్లేదేం?"

"మీ అత్తరుకు నాకే తుమ్మొస్తుంది మేడం. దానికి రాదా?"

మర్నాడు ఆమె అత్తరు పూసుకోకుండా వచ్చింది. చిన్న ఎలుక ఒకటి ఆమె దోసిట్లో కూర్చుని మూతి తుడుచుకుంది.

ఎనిమిదో రోజు ఐలేశమే మందు తాగించాడు. గోడ మీద పన్నెండు గీతలూ కలిసే ఎక్కాయి, కలిసే దిగాయి. సాయంత్రానికి ఒకటే జడలా కనిపించాయి. సుమేధ కుర్చీలో వెనక్కి వాలింది.

వారం తిరగకుండానే ప్రయోగశాలలో కొత్త ఉద్యోగం పుట్టింది: మాలిమి శిక్షకుడు. ఇంటికి పంపిన ఆరుగురికీ కబురు వెళ్లింది. ఐలేశం ఉద్యోగ పత్రం నింపడానికి చంద్రమౌళే వచ్చాడు, తల ఎత్తకుండా.

"శాశ్వత చిరునామా?"

"ఈడనే."

"పనిచేసే చోటు కాదయ్యా. నీ సొంతది."

"నేనూ గదే చెప్తున్న సార్. ఈ గది కట్టింది మా కందిచేన్ల. కంపెనీకని గుంజుకున్నరు. రాసుకోండ్రి, రెండెకరాల పదకొండు గుంటలు."