పదిహేడో లెక్క

"ఇవాళ వేసుకోవాల్సిన మేజోళ్ళు ఇవాళ ఉతుకుతావా చెలో? బాగుంది సంబడం!" అంది ఎర్మీనియా, కూతురి తెల్ల యూనిఫాం ఇస్త్రీ చేస్తూ.

"తడి మేజోళ్ళేసుకున్నా మా రెబేకా పదికి పదీ తెచ్చుకుంటుంది లేక్కా" అంది పెరట్లో తొట్టి దగ్గర్నుంచి తోడికోడలు కొన్సువేలో. ఇంట్లోవాళ్ళకి ఆవిడ చెలో.

ఇద్దరూ నవ్వుకున్నారు. కానీ ఆ సోమవారం నవ్వుల్లో చలవ లేదు. అత్లీస్కో ఊళ్ళో ఆ ఇంటికి పెరడొకటే, వంటిల్లొకటే, అన్నదమ్ముల కాపురాలు మాత్రం రెండు. రెండింట్లోనూ అయిదో తరగతి చదివే ఆడపిల్లలున్నారు. ఈ వారమంతా వాళ్ళకి పరీక్షలు. అన్నీ కలిపి ఎవరికి ఎక్కువ మార్కులొస్తే వాళ్ళ చేతిలో వచ్చే ఏడాదంతా, ప్రతి సోమవారం, బడి ముంగిట్లో జెండా ఉంటుంది. తరవాతి అయిదుగురూ ఆ జెండా వెంట నడుస్తారు. పట్టుకునేది మాత్రం ఒక్కరే. ఆ ఒక్కరూ తన హసింతా కావాలని ఎర్మీనియా పంతం.

అసలు పిల్లలకి లేని పోటీ తల్లులకి! పిల్లలిద్దరూ మెట్ల మీద కూర్చుని, వేడివేడి మొక్కజొన్న జావ ఊదుకుంటూ ఒకరినొకరు ఎక్కాలు అడుగుతున్నారు.

"ఏడెనిమిదులు?"

"యాభై ఆరు! నన్ను మరీ చిన్నపిల్లని చేసేస్తున్నావే!"

పరీక్ష అయ్యాక అబుందియో మాస్టారు రోజూ ఎక్కాల పందెం పెట్టేవాడు. గెలిచినవాళ్ళకి అట్టకిరీటం. సోమవారం రెబేకా గెలిచింది, మంగళవారం హసింతా. ఆ కిరీటం తెచ్చి ఇద్దరూ కలిసి నాన్నమ్మ అంపారో తలమీద పెడితే, ఆవిడ దాంతోనే కూర్చుని మిరపకాయలు వేయించింది.

"ఇక నుంచి దానితో కలిసి చదవకు" అని ఆ సాయంత్రం కూతురికి చెప్పింది ఎర్మీనియా. "నీకొచ్చిందల్లా దానికి చెప్పేస్తున్నావు."

"అదీ నాకు చెబుతోందిగా అమ్మా!" అని హసింతా మళ్ళీ పెరట్లోకే పరిగెత్తింది.

బుధవారానికి ఇద్దరి మార్కులూ సమానం. ఇక మిగిలింది గురువారం లెక్కల పరీక్ష ఒక్కటే. ఇరవై లెక్కలు, లెక్కకి అర మార్కు. ఆ బడిలో పేపర్లు దిద్దే పద్ధతి ఒకటుంది. పక్కపక్క వాళ్ళు పేపర్లు మార్చుకుంటారు. మాస్టారు జవాబులు చదువుతూ పోతే పిల్లలే ఎర్రపెన్సిలుతో దిద్ది, కింద తమ పేరు రాస్తారు. హసింతాకి పది వచ్చాయి. రెబేకాకి తొమ్మిదిన్నర.

ఎర్మీనియా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కూతురి నుదుటి మీద ఎన్ని ముద్దులు పెట్టిందో లెక్కలేదు.

శుక్రవారం పేపర్లు తల్లిదండ్రుల సంతకాలకి ఇంటికొచ్చాయి. కొన్సువేలో మూడో తరగతితో బడి మానేసిన మనిషి. సంతకమైతే పెడుతుంది కానీ, చదవమంటే చెమటలు పట్టేస్తాయి. కూతురి పేపరు పట్టుకుని సంతలో ఎర్మీనియా చీజ్ దుకాణానికి వచ్చింది.

"అక్కా, ఈ గాడిద ఆ అర మార్కు ఎక్కడ పోగొట్టిందో కాస్త చూసి చెప్పు."

ఎర్మీనియా చూసింది. పదిహేడో లెక్క. జవాబు ముప్పావు. రెబేకా ఎనిమిదింట ఆరు వంతులని రాసింది. మాస్టారు 'నాలుగింట మూడు' అని చదివుంటాడు, పేపర్లో ఆ అంకెలు లేవు కదా అని ఎర్రపెన్సిలు అడ్డంగా కొట్టేసింది. కింద దిద్దినవాళ్ళ పేరు గుండ్రటి అక్షరాల్లో ఉంది: హసింతా.

రోజూ చీజ్ చక్రాన్ని ఎనిమిది ముక్కలుగా కోసి అమ్మే మనిషికి, ఆరు ముక్కలంటే ముప్పావని ఒకరు చెప్పాలా?

"ఏదో పొరపాటు చేసిందిలే. ఇదిగో, ఇక్కడ పెట్టు సంతకం."

కొన్సువేలో నాలిక పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరమే రాసింది. "నువ్వున్నావు కనక సరిపోయింది అక్కా" అని వెళ్ళిపోయింది. ఆ మాట ఎర్మీనియాకి ముల్లులా దిగింది. అయినా వెనక్కి పిలవలేదు.

శనివారం పొద్దున హసింతా దుకాణంలో తల్లికి సాయం చేస్తోంది. ఎవరో ముప్పావు చక్రం అడిగారు. పిల్ల ముక్కలు లెక్కపెట్టి కాగితంలో చుట్టింది. బేరం వెళ్ళిపోయాక అక్కడే కొయ్యబారి నిలబడింది.

"అమ్మా! ఆరు ముక్కలు పెట్టాను... ముప్పావుకి. మరి రెబేకా రాసిందీ అదే కదా?"

"నోరు మూసుకుని ఆ బల్ల తుడువు."

హసింతా తల్లి మొహంలోకి చూసింది. "నీకు ముందే తెలుసా?"

"తెలిస్తే? చదివింది మాస్టారు, దిద్దింది నువ్వు. మధ్యలో నా తప్పేముంది?"

"సోమవారం మాస్టారికి చెప్పేస్తాను."

"చెప్పావంటే కాళ్ళు విరగ్గొడతాను!" అంది ఎర్మీనియా. "నీకేం తెలుసే? నా చిన్నప్పుడు క్లాసులో ఫస్టు నేను. నువ్వు పొట్టి, జెండా నేలకి తగులుతుందని, మందుల షాపువాళ్ళ అమ్మాయికి ఇచ్చేశారు. ఏడాదంతా దాని వెనకాల నడిచాను."

"నువ్వే ఫస్టని మిగతావాళ్ళకి తెలీదా?"

"తెలియకేం? ఒక్కరూ అడగలేదు."

"ఆ అమ్మాయి కూడానా?"

ఎర్మీనియా చేతిలో కత్తి ఆగిపోయింది. "ఆ అమ్మాయి కూడా."

హసింతా కళ్ళ నిండా నీళ్ళు. మాట మాత్రం తొణకలేదు. "నేను ఆ అమ్మాయిని కానమ్మా. నన్నలా చెయ్యకు."

మంచి బేరాలు తగిలే శనివారం, పది గంటలకే దుకాణం తలుపులు మూసేసి, కూతురి చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచింది ఎర్మీనియా.

కొన్సువేలో పెరట్లో బట్టలు ఆరేస్తోంది. "నీ కూతురి లెక్క తప్పు కాదు చెలో" అంది ఎర్మీనియా. "నిన్ననే చూశాను. చూసి కూడా దాచాను."

కొన్సువేలోకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. చేతిలో దుప్పటి నేల మీద పడింది.

"నాకు చదువు రాదని తెలిసే కదా, ఇంత పని చేశావు? నా పిల్ల నోటి దగ్గర ముద్ద లాక్కోడానికి నీకు చేతులెలా వచ్చాయక్కా?"

"లాక్కున్నాను. తప్పే."

"కొట్టాలనుంటే కొట్టవే, చెంపలు రెండూ అక్కడే ఉన్నాయి" అంది అత్తగారు వంటింట్లోంచి. "ఆ తరవాత ఇద్దరూ కలిసి వెళ్ళి ఆ మాస్టారితో చెప్పండి."

కొన్సువేలో కొట్టలేదు. కింద పడ్డ దుప్పటి తీసి మళ్ళీ తొట్టిలో వేసింది. సోమవారం బడిదాకా ఇద్దరూ పక్కపక్కనే, మాటల్లేకుండా నడిచారు.

అబుందియో మాస్టారు పేపరు చూసి నుదురు కొట్టుకున్నాడు. "ఇరవయ్యేళ్ళ నుంచీ ఇలాగే దిద్దిస్తున్నాను. ఎంతమంది పిల్లల అరమార్కులు మింగేశానో!" ఇక మార్కులు సమానం. ఇద్దర్నీ ముంగిట్లో నడిపించి చూశాడు. రెబేకా నిటారుగా, తొణక్కుండా నడిచింది. జెండా ఆమెకే. గొంతు గట్టిది కనక జట్టుకి ఆజ్ఞలిచ్చే పని హసింతాకి.

ఎర్మీనియా గుండె చివుక్కుమంది. అబద్ధమెందుకు? కళ్ళు తుడుచుకుంటుండగానే "జట్టూ... ముందుకి!" అని హసింతా కేక వినిపించింది. మునివేళ్ళ దాకా చేతులు చాచి, సిగ్గూ భయమూ లేకుండా అరుస్తోంది పిల్ల. ఆ కేక కోసమే ఆగినట్టు రెబేకా జెండాతో కదిలింది. ఆ నడకలో ఎవరూ ఎవరికీ బాకీ లేరు.

"అక్కా" అంది కొన్సువేలో, రెండు రోజుల తరవాత మొదటిసారి. చూపు పిల్లల మీదే ఉంది. "రేపట్నుంచి నాకు చదువు చెప్పు. చదవడం, లెక్కలు, అన్నీ. ఇంకోసారి నన్నెవరూ మోసం చెయ్యకూడదు. నువ్వు కూడా."

ఎర్మీనియాకి దుఃఖం పొర్లుకొచ్చింది. తోడికోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"రేపటిదాకా ఎందుకే? ఇంటికి పద."