ఎవరు తిన్నారో రాయండి

“నలభై ఒక్క కిలోలు!”

డాక్టరమ్మాయి గొంతు విని, కౌంటరు మీద పడుకున్న క్లినిక్కు పిల్లి కూడా ఓ కన్ను తెరిచింది. ఆ పిల్లిని అందరూ మేనేజరు అంటారు. ఏ పనీ చెయ్యకుండా అందరి మీదా ఓ కన్నేసి ఉంచుతుంది కాబట్టి.

తూకం మీద నిలబడ్డ కుక్క పేరు బస్తా. చంకలో ఇమిడేంత ఉన్నప్పుడు ముద్దుకి పెట్టిన పేరది. వాడు దాన్ని నిలబెట్టుకున్నాడు.

“వీడికి ఏం పెడుతున్నారు?”

“కొలత ప్రకారమేనండీ. పూటకో కప్పు.”

“పూటకో కప్పు తిని ఇంత అయ్యాడా? గాలి కూడా భోంచేస్తున్నాడా?”

వాణ్ణి తీసుకొచ్చిన, గడియారాలు బాగుచేసే అబ్బాయికి చురుక్కుమంది. “అంటే, నేను అబద్ధమాడుతున్నాననా?”

“మీరు కాకపోతే మీ ఇంట్లో ఇంకెవరో. సరే, వీడు మెట్లెక్కుతున్నాడా?”

“లేదండీ,” అని ఒప్పుకున్నాడు. బస్తా మెట్లెక్కడం మానేసి నెలయింది. వయసు మీద పడిందనుకున్నాడు.

“ఇలాగే వదిలేస్తే ఏడాదికి లేవడం కూడా మానేస్తాడు,” అంది. ఈసారి గొంతులో వెటకారం లేదు. ఓ నోటుపుస్తకం తీసి అతని చేతిలో పెట్టింది. “తిన్న ప్రతిదీ రాయండి. రోజూ సాయంత్రం ఆరింటికి పేజీ ఫొటో తీసి పంపండి.”

మర్నాడు ఆరింటికి ఫొటో వెళ్లింది. ఆరూ ఐదుకి ఫోను మోగింది.

“కుక్కకి కాఫీ పోశారా? ఎంత పోశారు? వాటికి అది విషం, తెలుసా?”

“అయ్యయ్యో, కాఫీ నాదండీ! పైన రాసిన రెండు గుడ్లు కూడా నావే.”

“మీరు తిన్నవి నాకెందుకండీ?”

“తిన్న ప్రతిదీ రాయమన్నారుగా!”

అవతలినుంచి నవ్వు. ఆపుకుందామనుకుని ఆపుకోలేకపోయిన నవ్వు. “మహానుభావా, ఇకనుంచి ఎవరు తిన్నారో రాయండి!”

అప్పటినుంచి ప్రతి వరస ముందూ పేరు పడింది. *బస్తా: ఒక కప్పు. నేను: కాఫీ, చక్కెర తక్కువ.* అతను తన సంగతులు మానెయ్యలేదు. ఆమె మానెయ్యమనలేదు. పైగా, “రోజుకి నాలుగు కాఫీలా? మిమ్మల్ని కూడా తూకం ఎక్కించాలి,” అని జవాబొచ్చేది.

వారం తిరక్కుండా దొంగ దొరికింది. *పిన్ని: వెన్న బిస్కెట్లు నాలుగు. అందులో బస్తా: మూడు.*

“పసివాడు అలా చూస్తుంటే నాకెలా మింగుడు పడుతుందిరా?” అంది పిన్ని, అతన్ని పెంచి పెద్దచేసిన మనిషి.

“పసివాడికి ఏడేళ్లు పిన్నీ!”

డాక్టరమ్మాయే పిన్నితో ఫోనులో మాట్లాడింది. ఉడికించిన క్యారెట్ ముక్క పెట్టమంది. వాడికి కావలసింది బిస్కెట్టు కాదు, మీ చెయ్యి అంది. పిన్ని ఆ మాటకి పడిపోయింది. ఆ రోజే బిస్కెట్ల డబ్బా అటక ఎక్కింది.

రెండు వారాలకోసారి తూకం. ముప్పై తొమ్మిది. ముప్పై ఎనిమిది. బస్తా మూడు మెట్లెక్కాడు, తర్వాత అన్నీ ఎక్కాడు. క్లినిక్కులో తన వంతు వచ్చేలోపు అతను బల్లమీద కూర్చుని ఆమె మాటలు వింటూ ఉండేవాడు.

“పాలు పొయ్యకపోతే అదేం పిల్లి అమ్మా?” అని ఓ తాతగారు వాదిస్తున్నాడు.

“పెద్దయ్యాక చాలా పిల్లులకి పాలు పడవు తాతగారూ. మంచినీళ్లు పెట్టండి. రెండు రోజులు తిండి ముట్టకపోతే మాత్రం అలక అనుకోకుండా వెంటనే తీసుకురండి.”

తాతగారు వినలేదు. ఆమె మళ్లీ మొదటినుంచి చెప్పింది. విసుక్కోలేదు. ఆ ఓపిక చూస్తూ కూర్చున్న అబ్బాయికి గుండెలో ఏదో మర తిరగడం మొదలైంది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, బస్తా ముప్పై నాలుగుకి దిగితే ఇక రానక్కర్లేదు. వాడు తగ్గుతున్నకొద్దీ ఇతనికి దిగులు పెరిగింది. ఆవగింజంత మరని పట్టుకున్నా వణకని చెయ్యి, ఇప్పుడు గోడగడియారం ముల్లు బిగించడానికే తడబడుతోంది.

ఆఖరి తూకానికి వారం ముందు, అటక మీది డబ్బా దింపాడు. రోజుకి రెండు బిస్కెట్లు పెడితే చాలు, ఆఖరి అరకిలో తగ్గకుండా ఆగిపోతుంది. ఇంకో రెండు వారాలు. బిస్కెట్టు చేతిలోకి తీసుకున్నాడు. బస్తా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మెట్లన్నీ ఒక్క పరుగులో దిగొచ్చిన కుక్క.

ఆ కళ్లలోకి చూస్తూ ఆ పని చెయ్యలేకపోయాడు. తనమీద తనకే సిగ్గేసింది. పుస్తకంలో రాశాడు: *బస్తా: ఏమీ లేదు. నేను: వెన్న బిస్కెట్టు ఒకటి.*

శనివారం తూకం ముప్పై నాలుగు చూపించింది.

“శభాష్!” అని ఆమె బస్తా చెవులు నిమిరింది. అతనివైపు చూడకుండా అంది: “ఇక ఫొటోలు పంపక్కర్లేదండీ.”

“థాంక్సండీ,” అన్నాడు. దారంతా అనుకుంటూ వచ్చిన పది మాటల్లో ఒక్కటీ నోట్లోంచి రాలేదు.

ఆది, సోమ, మంగళవారాలు గడిచాయి అనడానికి వీల్లేదు. ఈడ్చుకుంటూ వెళ్లాయి. “ఎందుకురా కాలు కాలిన పిల్లిలా తిరుగుతావు?” అని పిన్ని కసిరింది. బుధవారం ఆరు కావస్తుండగా అతను కొట్లో కూర్చుని పుస్తకం తెరిచాడు. ప్రతి వరస ముందూ కాస్త జాగా వదిలి రాశాడు.

*తిండి సహించడం లేదు.*

*నిద్ర లేదు.*

*కాలు నిలవడం లేదు.*

*స్కూటరు చప్పుడైతే చాలు, గుమ్మందాకా పరుగు.*

వదిలిన జాగాలో ‘నేను’ అని రాయడానికి చెయ్యి రాలేదు. ఇంతలో గోడమీద గడియారాలన్నీ ఆరు కొట్టాయి. నాలుగు నెలల అలవాటు. ఫొటో తీసి పంపేసి, ఏం చేశాడో తనకే తెలియకుండా, ఫోను కొట్లో బల్లమీదే వదిలి వెనకగదిలో పనికి కూర్చున్నాడు.

పావుగంటలో వీధిలో స్కూటరు ఆగింది. హెల్మెట్ కూడా తియ్యకుండా, మందులసంచీ భుజాన వేసుకుని ఆమె కొట్లోకి దూసుకొచ్చింది.

“ఏడీ? పొట్ట ఉబ్బిందా? వాంతికి వచ్చి రాక ఇబ్బంది పడుతున్నాడా?”

అతను వెనకగదిలోంచి పరిగెత్తుకొచ్చాడు. క్యారెట్ ముక్క నములుతూ బస్తా తోకాడించాడు.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని వాడి పొట్ట తట్టి చూసింది, చిగుళ్లు చూసింది. లేచి నిలబడేసరికి కళ్లలో నీళ్లున్నాయి, కోపం కూడా ఉంది. “ఆరుసార్లు ఫోన్ చేశాను! తినడు, పడుకోడు, తిరుగుతూనే ఉన్నాడంటే పొట్ట మెలిపడిందేమో అనుకోనా? గంటల్లో ప్రాణం పోతుంది! మూడు పిల్లుల్ని మా పెద్ద డాక్టరుగారికి అప్పజెప్పి పరిగెత్తుకొచ్చాను!”

“క్షమించండి. అది... బస్తా గురించి కాదు.”

“మరెవరి గురించి? ఎవరో రాయమని మొదటిరోజే చెప్పానా లేదా?”

“చెప్పారు. రాసే ధైర్యం లేకపోయింది.”

గోడమీద ఇరవై గడియారాలు టిక్కుటిక్కుమంటున్నాయి. ఆమె మెల్లగా హెల్మెట్ తీసింది.

“ఆ బిస్కెట్టు ఎందుకు తిన్నారు?” అని అడిగింది. “నాలుగు నెలల్లో ఒక్కసారీ తినలేదు మీరు. ఆ పేజీ నాకింకా గుర్తుంది.”

“వాడికి పెడదామని తీశాను. అరకిలో తగ్గకుండా ఉంటే ఇంకో రెండు వారాలు మీ దగ్గరికి రావచ్చని. పెట్టలేకపోయాను.”

“పెట్టుంటే ఈ జన్మలో మీ మొహం చూసేదాన్ని కాదు.”

“తెలుసు.”

“ఎందుకురా కాలు కాలిన పిల్లిలా తిరుగుతావు అని పొద్దుటే అన్నానమ్మా,” అంది పిన్ని లోపలి గుమ్మంలోంచి.

“కాలు కాలితే పిల్లి తిరగదండీ. ఓ మూల నక్కి కూర్చుంటుంది,” అంది ఆమె ముక్కు తుడుచుకుంటూ. “మూడు రోజులుగా పగలంతా కాలు నిలవక తిరిగి, ఆరింటికి నేను చేస్తున్న పని అదే. ఫోను పట్టుకుని ఓ మూల కూర్చోవడం. మేనేజరుకి నన్ను చూసి చూసి విసుగొచ్చింది.”

ఆమె సంచీలోంచి ఎర్ర పెన్ను తీసి పుస్తకం ముందుకి లాక్కుంది. మొదటి వరస ముందున్న ఖాళీలో రాసింది: *మనిద్దరికీ.* రెండో దాని ముందు: *మనిద్దరికీ.* మూడో దాని ముందు కూడా.

“తిండి సహించడం లేదా ఇద్దరికీ? అయితే వడ్డించేస్తున్నాను, ఎలా సహించదో చూస్తాను!” అని, పుస్తకంలోకి తొంగిచూసిన పిన్ని లోపలికి నడిచింది. అందరికంటే ముందు బస్తా లేచాడు.

ఆమె నాలుగో వరస దగ్గర ఆగింది. “ఇది మాత్రం నాది కాదు. స్కూటరు నాదే కదా.” పెన్ను అతని చేతిలో పెట్టింది. “మీరే రాయండి. ఎవరో.”

అతను పుస్తకం మీదకి వంగి, ఆ ఖాళీలో ‘నేను’ అని రాశాడు. చెయ్యి వణకలేదు.