హిస్టమిన్ మీద మోపిన నేరం

ముఖం ఎర్రబడడానికి కారణం తనకు తెలుసనుకోవడమే ప్రమీల చేసిన మొదటి తప్పు.

తెలియకపోవడానికి ఆమె సామాన్యురాలా? 1982లో వరంగల్‌లోని ఒక ల్యాబ్‌లో గినీపిగ్ గుండెల మీద పరిశోధిస్తోంది. గుండె లయ తప్పినప్పుడూ, దాన్ని దారికి తేవడానికి కరెంటు షాక్ ఇచ్చినప్పుడూ, అందులోంచి హిస్టమిన్ ఎంత విడుదలవుతుందో కొలవడం ఆమె పని. అలర్జీలో ఒంటిమీద దద్దుర్లు లేపే పదార్థమూ అదే. కనుక షాక్ మెషీన్ బాగుచేయడానికి ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ సుందర్ రావు వచ్చినప్పుడల్లా తన చెంపలు కందిపోయి, గుండె దడదడలాడుతుంటే, శాస్త్రోక్తంగా నిర్ధారించింది: అలర్జీ.

"మీ తలనూనె నాకు పడుతలేదండీ."

మరుసటి వారం అతను నూనె లేకుండా, తానే షాక్ తిన్నట్టు నిక్కబొడుచుకున్న జుట్టుతో వచ్చాడు. చెంపలు మరింత ఎర్రబడ్డాయి.

"అయితే సబ్బు!"

సబ్బు మారింది, చెంపలు మారలేదు. ఆమె చొక్కా గంజిని అనుమానించేసరికి అతని సహనం తెగింది.

"మేడమ్, నూనె మానేస్తే పిచ్చోని లెక్క ఉన్నవని మా అమ్మ తిడుతాంది. సబ్బు గూడ మార్చిన. ఇగ మిగిలింది మనిషినే. నేనే మీకు పడనని సాఫ్‌గా చెప్పరాదుండ్రి! రేపటి నుంచి వేరే లెక్చరర్ వస్తడు. ఫికర్ చేయకుండ్రి."

వేరే లెక్చరర్ వచ్చాడు. చెంపలు చల్లబడ్డాయి. సిద్ధాంతం రుజువైనట్టే. కానీ బయట సుందర్ రావు స్కూటర్‌లాంటి చప్పుడైతే చాలు, గుండె గంతులేసేది. కిటికీలోంచి చూస్తే ఇన్సూరెన్స్ ఏజెంటు.

పైగా కొత్త లెక్చరర్ మాటల్లో అన్నాడు: "సుందర్ రావుకు జనగామల పిల్లను చూస్తాండ్రు. ఆదివారం పోతాండు."

షాక్‌నే నిందిస్తూ, అంతకుముందే లయ తప్పిన గుండెను లెక్కలోకి తీసుకోని పరిశోధకురాలిని పరీక్షలో ఫెయిల్ చేయాలి. ప్రమీల తనను తానే ఫెయిల్ చేసుకుని, రిక్షా ఎక్కి ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్లింది.

"నాదే తప్పు. మీరు రాకున్నా గుండె గట్లనే కొట్టుకుంటాంది. మీరు జనగామకు పోవద్దు" అంది, వరండాలో, విద్యార్థులందరి ముందూ.

సుందర్ రావు చేతిలోని చాక్‌పీసు విరిగింది. "ఇది ప్రూఫా, ప్రపోజలా?"

"ప్రపోజలే. ప్రూఫ్‌కు ఇంకా టైం పడుతది."

"పట్టనీయుండ్రి. నాకేం తొందర లేదు" అన్నాడు. తొందర లేనివాడు ఆ సాయంత్రమే తల్లిని వెంటబెట్టుకుని మట్టెవాడలో ప్రమీల ఇంటికి వచ్చాడు.

చర్చిలో వారి పెండ్లి ప్రకటన చదివి పాస్టరుగారు, "ఎవరికైనా అభ్యంతరం ఉన్నదా?" అని అడిగారు. చదువు ముదిరిన ప్రాణం. ప్రశ్న వినగానే ప్రమీల చేయి అలవాటుగా పైకి లేచింది.

"జర ఊకో బిడ్డా!" అని ఆమె తల్లి ఆ చేతిని లాగి తన ఒడిలో పెట్టుకుని, ఆరాధన ముగిసేదాకా వదల్లేదు.