ఆరో గర్భసంచి

ఆమె నాతో అన్న మొట్టమొదటి మాట ఇది:

"అసలు గర్భసంచి అంటే ఏమిటో మీకు తెలుసా?"

అప్పుడు నేను నిచ్చెన మీద ఉన్నాను. పళ్ళ డాక్టరు గారి క్లినిక్ ముందు నిలబెట్టడానికి ఆరడుగుల దంతానికి నున్నగా శాండ్ పేపర్ పడుతున్నాను. తిరిగి చూస్తే బయట వాన, గుమ్మంలో రెయిన్‌కోటు, రెయిన్‌కోటులో ఒక అమ్మాయి, ఆ అమ్మాయి చంకలో ఒక గర్భసంచి.

కంగారుపడకండి. అది ప్లాస్టర్‌ది. చేసింది నేనే.

నేను బొమ్మలు చేసేవాణ్ణి. బట్టల షాపులకు మనుషుల్ని, ఐస్‌క్రీమ్ షాపులకు నిలువెత్తు కోన్‌లని చేసి ఇస్తాను. సంతాన సాఫల్య కేంద్రం వాళ్ళు పేషెంట్లకు చూపించడానికి ఆరు గర్భసంచులు కావాలన్నప్పుడు, దంతం చేసేవాడికి ఇదో లెక్కా అనుకుని తల ఊపేశాను. నిలువునా సగానికి కోసినట్టుండాలి, కండరం గోడ, దాని లోపల గులాబీ రంగు పొర కనిపించాలి అన్నారు. పోత నేను పోస్తాను, రంగులు మా అమ్మ వేస్తుంది. మా ఇంటి ముందుగదే మా వర్క్‌షాపు.

"ఐదు బాగానే ఉన్నాయి. ఈ ఆరోది చూడండి. వెనక గోడ రెండింతలు మందం. పైగా లోపలి పొర రంగు గోడలోకి పాకిపోయింది. నేను అక్కడ కౌన్సెలర్ని. దీన్ని పట్టుకుని పేషెంట్లకి ఏం చెప్పమంటారు?"

తప్పు మాదే. పోత పోస్తుంటే లోపలి అచ్చు పక్కకి జరిగింది. అది ఆరకముందే అమ్మ రంగు వేసేసింది. తడి ప్లాస్టర్ ఆ రంగును తాగేసింది.

"సారీ అండీ. అది పనికిరాని పీస్. ఇలా ఇవ్వండి, పగలగొట్టి పారేస్తాను" అని సుత్తి తీశాను.

ఆమె దాన్ని గుండెలకి హత్తుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

"దీని మీద చెయ్యి వేశారంటే ఊరుకోను!"

"ఇప్పుడేగా అండీ బాలేదని తిట్టారు?"

"తిట్టాను. పగలగొట్టమన్నానా?"

వచ్చినంత విసురుగానే వానలోకి వెళ్ళిపోయింది. నేను నిచ్చెన మీదే నోరు వెళ్ళబెట్టి నిలబడ్డాను.

"పిల్ల బావుంది" అంది అమ్మ, బ్రష్ కడుగుతూ.

"అమ్మా, నన్ను తిట్టి వెళ్ళింది."

"నేనూ అదే చెప్తున్నా."

మర్నాడు పొద్దున్నే ఆ కేంద్రం డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"ఆ ఆరోది చేసింది నువ్వేనా బాబూ? పదిహేనేళ్ళుగా అడెనోమయోసిస్ గురించి కాగితం మీద గీసి గీసి చెప్తున్నాను. ఒక్కరికి అర్థమైతే ఒట్టు. నువ్వు ఉన్నదున్నట్టు దించేశావయ్యా! ఇంకో పది కావాలి."

"దాని మీద చాలా శ్రద్ధ పెట్టామండీ" అని కోతలు కోసేసి, ఫోన్ పెట్టాక తల పట్టుకున్నాను. ఒకసారి పొరపాటు ఎవరైనా చేస్తారు. అదే పొరపాటును పదిసార్లు అచ్చు గుద్దినట్టు చెయ్యడం ఎలా?

నా పొరపాట్లు సరిగ్గా వస్తున్నాయో లేదో చూడమని డాక్టరమ్మ రోజూ సాయంత్రం ఆ కౌన్సెలర్‌నే పంపించింది. ఆమె స్టూలు మీద కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఇంకా మందంగా, ఇంకా తడిగా అని ఆర్డర్లు వేసేది.

"అడెనోమయోసిస్ అంటే, లోపలి పొరలాంటిదే కండరం గోడలో కూడా పెరుగుతుంది" అని ఒకరోజు వివరించింది. "నెలనెలా అదీ ఉబ్బుతుంది, రక్తం ఊరుతుంది. గోడలో ఉంటే బయటికి దారేది? గోడ వాచిపోతుంది. ప్రాణం పోయేంత నొప్పి, ఆగకుండా బ్లీడింగ్. కొందరికైతే ఏమీ తెలియను కూడా తెలియదు."

"పాపం" అన్నాను.

"ఎవరు?"

"గోడ."

ఆమె నవ్వింది. అదే మొదటిసారి. నా చేతిలో ఉన్న పోత అచ్చులో పడాల్సింది కాస్తా నా చెప్పులో పడింది.

ఆరడానికి గర్భసంచుల్ని కిటికీలో వరసగా పెట్టేవాళ్ళం. దాంతో మా వీధి తీరే మారిపోయింది. మగవాళ్ళు తల వంచుకుని అవతలి వైపు నుంచి నడిచేవాళ్ళు. ఆడవాళ్ళు మాత్రం ఆగి, కిటికీలోంచి తల పెట్టి, ఇవేమిటని అడిగి, "బాబూ, ఈ నొప్పి నాకూ ఉంది" అని మొదలుపెట్టేవాళ్ళు. నాకు తెలిసిన జవాబు ఒక్కటే, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వారంలో పదకొండు మందిని పంపించాను. నన్ను ఉద్యోగంలోకి తీసుకోవాలేమో అని డాక్టరమ్మ అంది. ఆ మాట విని కౌన్సెలర్ గారు రెండ్రోజులు మూతి ముడుచుకున్నారు.

తర్వాత మూడు రోజులు ఆమె రాలేదు. ఆ మూడు రోజులూ నా చేతిలోంచి శుభ్రమైన, ఆరోగ్యమైన గర్భసంచులే వచ్చాయి. ఒక్కటంటే ఒక్క పొరపాటు కూడా చెయ్యలేకపోయాను.

నాలుగో రోజు వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. ఐస్‌క్రీమ్ కోన్‌కి జారగిలబడి కూర్చుంది.

"జ్వరమా అండీ?"

"కాదు. మీరు ఆ రోజు పనికిరాని పీస్ అన్నారే, నాకున్నది అలాంటిదే."

నా చేతిలోని సుత్తి నా కాలి మీదే పడింది. చచ్చానని కేకపెట్టాను.

"నొప్పి నాకు, అరుపులు మీవా?" అంది.

ఒంటి కాలి మీద గెంతుతూ అడిగేశాను. "నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

"జాలి పడుతున్నారా?"

"సిగ్గుపడుతున్నాను. అలా అన్నందుకు. పెళ్ళి సంగతంటారా, అది మీరు గర్భసంచి చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డప్పుడే అనుకున్నాను."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకు పిల్లలు పుట్టడం కష్టం కావచ్చు. ఎదురింటి పసివాణ్ణి చూసి మీ అమ్మగారు ఎంత మురిసిపోతారో రోజూ చూస్తున్నాను. ఇప్పుడు మీరు ఏమైనా అంటారు. ఐదేళ్ళ తర్వాత మీకు కోపం వస్తుంది. అప్పుడు అది నా మీదే వస్తుంది. వద్దండీ" అని లేచి వెళ్ళిపోయింది.

నేను నలభై ప్రశ్నలు రాసుకుని డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను.

"ఎవరి ఒంటి సంగతీ నేను చెప్పను. జబ్బు గురించి అడుగు" అందావిడ.

"ఇది ఉంటే పిల్లలు పుట్టరా అండీ?"

"అలా అని ఎవరన్నారు? కొందరికి మామూలుగానే నిలుస్తుంది. కొందరికి ఆలస్యమవుతుంది, వైద్యం కావాలి. నిలిచినా పోయే భయం కొంచెం ఎక్కువ. కొందరికి ఎంత చేసినా రాదు. నీకు కావలసిన కొలతకి జవాబు కుట్టివ్వడానికి నేను టైలర్ని కాదు."

"ఆమె ఒప్పుకోవాలంటే ఏం చెయ్యాలి?"

"దానికింకా స్కాన్ రాలేదు. వెళ్ళు."

ఆదివారం మధ్యాహ్నం ఆమె మా ఇంటికి వచ్చింది. నా వైపు చూడను కూడా చూడలేదు.

"ఆంటీ, నేను మీ కోసమే వచ్చాను" అని బల్ల మీదున్న గర్భసంచిని దగ్గరికి లాక్కుని, పెన్నుతో చూపిస్తూ, పేషెంటుకి చెప్పినట్టే పొల్లుపోకుండా మొత్తం చెప్పింది. చివర్లో గొంతు సవరించుకుంది. "ఇది నాకుంది. మీ అబ్బాయి నన్ను పెళ్ళి చేసుకుంటానన్నారు. మీరు వద్దని ఒక్క మాటంటే చాలు, ఇక ఇటు రాను."

అమ్మ బ్రష్ పక్కన పెట్టింది.

"నొప్పి ఎన్ని రోజులుంటుంది?"

"నాలుగైదు రోజులండీ."

"రెండో రోజు నిలబడలేవు. నడుములోంచి తొడల్లోకి లాగేస్తుంది. మంచం మీద పడుకోనివ్వదు, నేల మీదే నయం."

"మీకెలా తెలుసు?"

"ఇన్ని బొమ్మలకి రంగులేస్తుంటే నాకున్నదీ ఇదేనేమో అనిపించింది" అంది అమ్మ. "ముగ్గురు కడుపులోనే పోయారు. తర్వాత వీడు నిలిచాడు. వీడి తర్వాత ఎవరూ లేరు. అవన్నీ నాటకాలని మా అత్తగారు అనేది. అనగా అనగా నాకూ అనుమానమొచ్చింది, నిజంగా నేను నటిస్తున్నానేమోనని. ఆ నొప్పికో పేరుందని నలభై ఎనిమిదేళ్ళకి తెలిసిందమ్మా."

నాకు ఇరవై ఆరేళ్ళు. నెలనెలా అమ్మ నడుం పట్టేసిందని నేల మీద పడుకునేది. నేను ఆమెను దాటుకుని ఆటకి పోయేవాణ్ణి. పెద్దయ్యాక పనికి పోయేవాణ్ణి. ఆ క్షణంలో నా మీద నాకు కలిగినంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

ఆమె మా అమ్మ చేతులు పట్టుకుంది. కౌన్సెలర్ గొంతుతోనే మొదలుపెట్టింది. "అదే అవునో కాదో స్కాన్ చూస్తేగానీ..." ఆ మాట పూర్తి కాకుండానే ఏడ్చేసింది.

"నేను వద్దంటానని నా దగ్గరికొచ్చావా? భలే మనిషిని వెతుక్కున్నావు" అంది అమ్మ. "నాకు మనవలంటే ఇష్టమే. దాచడమెందుకు? కానీ ఇది వాణ్ణి అడగాల్సిన ప్రశ్న. అడుగు."

ఆమె నా వైపు తిరిగింది. "పిల్లలు పుట్టకపోతే?"

గొప్ప జవాబు చెప్పాలనుకున్నాను. నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది:

"ఏడుస్తానండీ. మీరూ ఏడుస్తారు. వేరే వేరే ఇళ్ళల్లో ఎందుకు, ఒక్క చోటే ఏడుద్దాం. నాకు కోపమొస్తే జబ్బు మీద వస్తుంది. మీ మీదికి వస్తే అమ్మ నన్ను ఇంట్లోంచి గెంటేస్తుంది."

"గెంటేస్తాను" అంది అమ్మ.

ఆమె ఏడుస్తూనే నవ్వింది. రెయిన్‌కోటు వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"రేపు పదింటికి రెడీగా ఉండండి అత్తయ్యా. మిమ్మల్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తాను. మీ అబ్బాయిని కూడా రమ్మనండి, మీ పక్కన కూర్చుంటారు."

ఆ మాట తలకెక్కడానికి నాకు కొంచెం సేపు పట్టింది. అమ్మకి పట్టలేదు. గెలిచినదానిలా నా వైపు చూసింది.

"చూశావా? నీకంటే ముందు నాకే వరస కలిపింది!"