నాలుగో నంబర్

తొంభై మూడు ఏప్రిల్. ఉదయం పదిన్నరకే ఫిల్మ్‌నగర్ బండలు కాలిపోతున్నాయి. ప్రివ్యూ థియేటర్ మెట్ల మీద సముద్రంలో మునిగి పనిచేసే ముగ్గురు డైవర్లు టీ తాగుతున్నారు. ముగ్గురిదీ విశాఖపట్నమే. పెద్దవాడు బెన్‌హర్, నేవీలో పదిహేనేళ్ళు చేసి వచ్చినవాడు. కుర్రవాడు జోజి. బోటు నడిపేది త్రినాథరావు.

కొత్తగా పెళ్ళయిన జంటను బోటువాళ్ళు పొరపాటున నడిసముద్రంలో వదిలేసి వచ్చేస్తారు. సినిమా కథ అదీ. హీరోహీరోయిన్ల బదులు నీళ్ళలో దిగింది, బోటువాళ్ళుగా కనిపించింది కూడా వీళ్ళే. జనానికి చూపించే ముందు డైవర్లకు ఒకసారి చూపించాలని డైరెక్టర్ పట్టుబట్టాడు. "వాళ్ళు నవ్వకపోతే చాలు, మిగతా జనం దడుచుకు చస్తారు" అన్నాడట.

ఆ నీళ్ళలో దిగింది ముగ్గురు కాదు, నలుగురు. నాలుగోవాడు భిక్షం. కృష్ణానగర్‌లో ఉండే జూనియర్ ఆర్టిస్టు. బావుల్లో ఈత నేర్చుకున్న తెలంగాణ మనిషి. ఐదు నెలల కిందట, భీమిలి దగ్గర షూటింగ్ ఆఖరి రోజున సముద్రంలోకి దిగాడు. మళ్ళీ కనిపించలేదు.

బోటులో ఒక పద్ధతి ఉంది. ఇంజను వేసే ముందు ఎవరి నంబర్ వాళ్ళు గట్టిగా చెప్పాలి. ఒకటి బెన్‌హర్. రెండు త్రినాథరావు. మూడు జోజి. నాలుగు భిక్షం. త్రినాథరావు చుక్కాని దగ్గర ముందుకే చూస్తూ ఉంటాడు, వెనక్కి తిరిగి తలలు లెక్కపెట్టడు. చెవికి నాలుగు వినపడితే బోటు కదులుతుంది, అంతే. ఆ రోజు కూడా నాలుగు వినపడింది. కానీ భిక్షం ఇంకా నీళ్ళలోనే ఉన్నాడు.

మరి ఆ నంబర్ చెప్పిందెవడు?

ఐదు నెలలుగా బెన్‌హర్‌కు ఇదే పురుగు తొలుస్తోంది. భిక్షం ఎప్పుడూ "నాల్గు" అనేవాడు. అందరూ అతన్ని ఆటపట్టించేది ఆ మాటకే. ఆ రోజు బెన్‌హర్ చెవిన పడింది "నాలుగు". శుభ్రంగా, కోస్తా గొంతులో, చాలా దగ్గరగా. అంటే జోజి అయినా అయి ఉండాలి, త్రినాథరావు అయినా అయి ఉండాలి. కృష్ణానగర్‌లో షూటింగ్ బస్సులో హాజరు పిలిచినప్పుడు, రాని స్నేహితుడి బదులు పలకడం మామూలేనని భిక్షమే జోజికి చెప్పి నవ్వించేవాడు. ఆ సరదా వీడికి అంటుకుందా? అడిగితే జోజి నేల చూపులు చూస్తాడు. తప్పు చేయనివాడు అలా చూస్తాడా?

"ఏట్రా, లోపలికి పదండి" అన్నాడు బెన్‌హర్.

లోపల ఏసీ చలి, పాత పరదాల ముక్క వాసన. ఇరవై కుర్చీలు. బెన్‌హర్ మధ్యలో కూర్చుని ఇద్దర్నీ చెరో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇవాళ బోటు సీను వచ్చినప్పుడు ఇద్దరి ముఖాలూ చూడాలి. అతను వచ్చిందే అందుకు.

దీపాలు ఆరాయి.

మొదటి గంటా ముగ్గురూ బాగానే నవ్వారు. రబ్బరు సొరచేప వచ్చినప్పుడు త్రినాథరావు కడుపు పట్టుకున్నాడు. తర్వాత నీళ్ళ కింద ఊపిరి చప్పుడు మొదలైంది. లోపలికి ఒక ఈల... బయటికి బుడగలు. మామూలు జనానికి అది ఒట్టి చప్పుడు. డైవరుకు ఆ చప్పుడే ప్రాణం. తెలియకుండానే ముగ్గురూ ఆ లెక్కకే ఊపిరి తీయడం మొదలుపెట్టారు. తెర మీద బుడగలు ఆగినప్పుడు జోజి గుప్పిళ్ళు బిగించాడు. వాడి నుదుటి మీద ఆ చలిలోనూ చెమట. బెన్‌హర్ అది చూశాడు.

బోటు సీను వచ్చింది. వాళ్ళవే వీపులు, వాళ్ళవే తడి జుట్లు.

"ఒకటి."

"రెండు."

"మూడు."

"నాల్గు."

బెన్‌హర్ కుర్చీలోంచి సగం లేచాడు. నాల్గు! అది భిక్షం గొంతు!

రీలు అయిపోయి దీపాలు వెలిగాయి. సౌండ్ ఇంజనీరు వెంకటరామయ్య పై కిటికీలోంచి తొంగిచూశాడు. "ఎలా ఉందండీ?"

"ఆ నాలుగో గొంతు... షూటింగ్‌లో తీసుకున్నదా?"

"భలేవారే, ఆ గాలిలో సముద్రం హోరు తప్ప ఏం దొరుకుతుందండీ? అన్నీ ఇక్కడ డబ్బింగ్ చెప్పించినవే. మీ ముగ్గురూ జనవరిలో వచ్చి చెప్పి వెళ్ళారుగా. మీ నాలుగో ఆయన మొన్న గురువారం తనే వచ్చాడు. ఒక్క టేకులో చెప్పేశాడు. తల తుడుచుకుని రమ్మన్నా వినలేదు, తివాచీ అంతా తడిపేశాడు."

బెన్‌హర్‌కు పట్టరాని సంతోషమేసింది. బతికే ఉన్నాడు! ఏ పడవవాడో ఒడ్డుకు చేర్చి ఉంటాడు. ఎవడి మీదా హత్యాపాపం లేదు!

"బతికుంటే పుష్పవల్లికి కనపడడా అన్నా?" అన్నాడు జోజి మెల్లగా. నిన్ననే ముగ్గురూ భిక్షం భార్యను చూసి వచ్చారు. గుమ్మంలోనే నిలబడి, ఏమన్నా తెలిసిందా అని ఆమే వీళ్ళను అడిగింది.

ఆ సంతోషం అక్కడికక్కడే చల్లారిపోయింది.

ఆఖరి రీలు మొదలైంది. చుట్టూ ఖాళీ సముద్రం. జంట మునిగిపోయాక కెమెరా నీళ్ళ మీద అలాగే ఉండిపోయింది. అల చప్పుడు... మళ్ళీ అల చప్పుడు... నాచు వాసన. సినిమాకి వాసన ఎక్కడిది? బెన్‌హర్ రెండు చేతులూ చాపి జోజి మణికట్టు, త్రినాథరావు మణికట్టు పట్టుకున్నాడు.

నీళ్ళ లోపల్నుంచి గొంతు వచ్చింది.

"నా నంబర్ ఎవలు చెప్పిన్రు?"

బెన్‌హర్ ఇద్దరి మణికట్లూ ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"జర చెప్పున్రి... నేను కిందనే ఉన్న. బోటు పంక చప్పుడు ఇన్న. నా నంబర్ ఎవలు చెప్పిన్రు?"

అప్పుడు చీకట్లో ఎవరో జవాబిచ్చారు.

"నాలుగు."

అదే గొంతు. ఆ రోజు విన్నదే. శుభ్రంగా, చాలా దగ్గరగా. బెన్‌హర్ జోజి కేసి చూశాడు. వాడి పెదాలు బిగుసుకుని ఉన్నాయి. త్రినాథరావు రెండో చేత్తో నోరు కప్పుకుని ఉన్నాడు. బెన్‌హర్ తన పెదాల మీద నాలుక పెట్టి చూసుకున్నాడు. ఉప్పగా ఉంది. నోరు ఇంకా తెరిచే ఉంది.

"నువ్వేనన్నా" అన్నాడు జోజి ఏడుపు గొంతుతో. "ఆ రోజు కూడా నువ్వే. పెద్దోడివని అనలేకపోయాను."

గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో, అంతా ఒక్కసారి గుర్తొచ్చింది. ఆ సాయంత్రం కూతురు సారా పుట్టినరోజు. కేకు ముందు పెట్టుకుని పిల్ల ఎదురు చూస్తోంది. బోటు ముందు టార్పాలిన్ కింద కాళ్ళకు తొడుక్కునే రబ్బరు రెక్కలు కనిపించాయి. వాంతులయ్యి భిక్షం అక్కడ పడుకున్నాడనుకున్నాడు. మూడు తర్వాత ఎవరూ పలకలేదు. పోనీలే అని తనే అనేశాడు.

తెర నల్లబడింది. ఆ నలుపులోంచి గొంతు చాలా నెమ్మదిగా అంది.

"నా నంబర్ నువ్వు చెప్పినవు గదన్నా. ఇగ నీ నంబర్ నేను చెప్త."

దీపాలు వెలిగాయి. వెంకటరామయ్య మెట్లు దిగి వచ్చాడు. "ఆఖరి రీలుకు ఇంకా సౌండ్ కలపలేదండీ, మూగగానే వేశాను. ఏమనుకోకండి. అవునూ, చీకట్లో ఎవరితో మాట్లాడుతున్నారు?"

ముగ్గురూ ఎండలోకి వచ్చిపడ్డారు. పుష్పవల్లి దగ్గరికి వెళ్ళి నిజం చెప్పేద్దామన్నాడు బెన్‌హర్. ఆ మాట అన్నాక గుండె కాస్త తేలికపడింది. త్రినాథరావు వ్యాన్ ఎక్కాడు, జోజి అతని పక్కన. వెనక సీటు ఎప్పుడూ బెన్‌హర్‌ది. నోట్లో ఉప్పు పోవడం లేదని అతను గేటు పక్క కుళాయి దగ్గర వంగాడు. పుక్కిలించి ఉమ్మాడు. మళ్ళీ పుక్కిలించాడు. ఎంతకీ ఉప్పే.

బోటు అలవాటు వ్యాన్‌కూ వచ్చింది త్రినాథరావుకు. వెనక్కి తిరక్కుండానే కేకేశాడు. "చెప్పండి మరి!"

"ఒకటి."

వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. అది బెన్‌హర్ గొంతే. వ్యాన్ లోపల్నుంచి వచ్చింది.

"రెండు."

"మూడు."

వ్యాన్ కదిలింది.

బెన్‌హర్ పరుగెత్తాడు. ఆగండ్రా అని అరవబోయాడు. నోరు తెరుచుకుంది గానీ గొంతు రాలేదు. నీళ్ళు మాత్రం వచ్చాయి. ఎండకు మండుతున్న రోడ్డు మీద ఒక్కడూ నిలబడిపోయాడు. వ్యాన్ కృష్ణానగర్ వైపు మలుపు తిరిగింది. ముందు రెండు తలలు కనిపించాయి. వెనక సీట్లో ఇంకొకటి కనిపించింది. దాని జుట్టు తడిసి అద్దానికి అంటుకుని ఉంది.