చాప గుర్తులు

ఫోన్ మోగే సమయానికి ప్రవల్లిక రెండు చేతులూ బియ్యప్పిండిలో ఉన్నాయి. చిటికెన వేలితో నొక్కి, ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. అవతల మణిదీప్ ఊపిరి మాత్రం వినిపిస్తోంది. పెళ్లయిన ఈ నాలుగు నెలల్లో అతని ఊపిరిని బట్టే సంగతి పట్టేయడం ఆమెకు అలవాటైపోయింది. ఇది ఏడుపు ఊపిరి కాదు.

"తగ్గింది ప్రవల్లీ," అన్నాడు చివరికి. "రెండున్నర ఉన్నది ఒకటి పాయింట్ ఎనిమిదికి దిగింది. ఉప్పు లేని పథ్యం ఇలాగే చెయ్యమన్నారు డాక్టరుగారు. అమ్మకి నువ్వే చెప్పు, నా వల్ల అవదు."

పిండి చేతులతోనే ఆమె వరండాలోకి పరుగెత్తింది. బీరకాయ చెక్కు తీస్తున్న అత్తగారు బంగారమ్మ చేతిలోంచి చాకు తీసి పక్కన పెట్టి మరీ చెప్పింది. బంగారమ్మ చీర చెంగు కళ్లకద్దుకుంది.

కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే ఆ క్రియాటినిన్ అంకె సంగతి తెలియని ఇల్లు ఉద్దానంలో అరుదు. ఆరేళ్ల కిందట మామగారి అంకె ఎక్కడమే తప్ప దిగడం ఎవరూ చూడలేదు. ఆయన డయాలసిస్ మంచం మీదే వెళ్లిపోయారు. పెళ్లయిన రెండో నెలలో అదే పరీక్ష బంగారమ్మకూ తేడాగా వచ్చేసరికి, కొత్త కోడలు అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చి, నలభై రోజులు తెల్లవారుజామున లేచి అత్తమ్మ కోసం ప్రార్థన చేస్తానని మాటిచ్చేసింది.

"ఆ డాక్టరు మందులు ఒక ఎత్తు, నీ మోకాళ్లు ఒక ఎత్తు తల్లీ," అంది బంగారమ్మ. అని ఊరుకోలేదు. అప్పటికప్పుడు పాస్టరమ్మగారికి ఫోన్ చేసి, రేపు ఆదివారం ఆరాధనలో తన కోడలు సాక్ష్యం చెబుతుందని చెప్పేసింది. రోజూ తెల్లారి ప్రార్థన చేసుకునే సామాన్ల గదిలోంచి వచ్చేటప్పటికి పిల్ల చెంప మీద చాప గుర్తులు ఉండేవని, అంతసేపు నేల మీద సాగిలపడి ప్రార్థించే పిల్ల ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతుందని స్త్రీల కూటమి అంతటికీ ఇదివరకే చెప్పి ఉంది. ఇప్పుడు ఫోన్లో ఇంకోసారి చెప్పింది.

ప్రవల్లిక వంటింట్లోకి వచ్చి పిండి ముందు కూర్చుంది. చెంపలు మండిపోతున్నాయి.

చాప గుర్తులు నిజమే. మొదటి మూడు రోజులూ ఆమె నిజంగానే మోకరించింది. చిన్నప్పుడు టెక్కలిలో సండే స్కూల్లో కంఠస్థం చేసిన ప్రార్థనలన్నీ అప్పజెప్పింది. అవి నాలుగు నిమిషాల్లో అయిపోయాయి. ఆ తర్వాత దేవుడితో ఏం మాట్లాడాలో తెలియలేదు. నాలుగో రోజున తలుపు వేసుకుని చాప మీద కాసేపు తల వాల్చింది. కళ్లు తెరిచేసరికి పాలవాడు పిలుస్తున్నాడు. ఐదో రోజు నుంచి దిండు కూడా పట్టుకెళ్లాలనిపించింది గానీ ఆపుకుంది. ముప్పయ్యేడు రోజులు సామాన్ల గదిలో ఆమె చేసింది నిద్రే.

మధ్యాహ్నం మణిదీప్ కాశీబుగ్గ బజారు నుంచి జీడిపప్పు పాకం పొట్లంతో వచ్చాడు. మామూలు రోజైతే అతను పని చేసే జీడిపప్పు ఫ్యాక్టరీ నుంచి చొక్కాకి అంటుకొచ్చే వేపుడు వాసన పీల్చి ఆమె మురిసిపోయేది. ఇవాళ అతన్ని పెరట్లోకి లాగి అంతా చెప్పింది. అతను నవ్వాపుకోలేక గోడకి ఆనుకున్నాడు. ఎవరికీ నష్టం లేదు కదా, రేపు రెండు మాటలు చెప్పి దిగిపో, అమ్మ సంతోషం పాడు చెయ్యకు అన్నాడు.

"దేవుడి ఎదురుగా నిలబడి చెప్పాలి బావా."

"ఆయనకి నీ నిద్ర సంగతి ముందే తెలుసు కదా."

"అదే నా బాధ," అంది ప్రవల్లిక.

సాయంత్రం బంగారమ్మ పెట్టెలోంచి కోడలి తెల్ల పెళ్లి చీర తీసింది. రేపు ఇదే కట్టుకోమంటూ కుచ్చిళ్లు వేళ్లతో సరిచేస్తోంది. ఆ మోచేతి మడతలో పరీక్షల కోసం సూదులు గుచ్చిన మచ్చలు చూసేసరికి ప్రవల్లిక ఇక ఆగలేకపోయింది. అత్తగారి కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేసింది. మూడు రోజులు, నాలుగు నిమిషాలు, చాప, పాలవాడు, ఒక్క దిండు తప్ప అన్నీ. తర్వాత ఆ దిండు కూడా.

బంగారమ్మ చీర మడతపెట్టింది. మళ్లీ విప్పి మళ్లీ మడతపెట్టింది.

"నా పేరు సెప్పుకోని తొంగున్నావేటి?"

ప్రవల్లిక తలూపింది.

"నాను నౌపడ దాన్ని పిల్లా. ఉప్పు మళ్లలో పుట్టి పెరిగినాను. ఉప్పు లేని కూడు నోట్లో ఎట్టుకుంటే గడ్డి మేసినట్టుంటాది నాకు. ఈ నలబై రోజులూ ఆవకాయ జాడీ కాసి సూత్తే సాలు, ఆ పిల్ల నాకోసం సీకట్నే లెగుత్తంది, నాను ఈ మాత్రం నోరు కట్టుకోలేనా అనీసి సెయ్యి ఎనక్కి లాక్కున్నాను. నీ ముకం సూసి ఆగినాను. నువ్వేమో గురక."

ఆమె లేచి వంటింట్లోకి నడిచింది. పై అరలో ఉన్న జాడీ దించింది. గుడ్డ వాసెన విప్పుతుంటే ప్రవల్లిక వెనకాలే వెళ్లి గుమ్మంలో నిలబడిపోయింది. మాటలు విని మణిదీప్ కూడా వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. జాడీ లాక్కోవడానికి ప్రవల్లికకి చేతులు రాలేదు. వద్దనడానికి తనకి మొహం ఎక్కడుంది? ఆ ఇంట్లో ఆ జాడీకి అడ్డు పడగలిగింది ఒకే ఒక్క మాట, ఆ మాటని తనే ముప్పయ్యేడు రోజులు చాప కింద పెట్టేసింది.

అప్పుడు ఆమె కళ్లు మూసుకోకుండానే, చేతులు కట్టుకోకుండానే మాట్లాడింది. సండే స్కూల్ భాష ఒక్క ముక్క రాలేదు. నోట్లోంచి వచ్చింది పుట్టింటి భాషే.

"పెబువా, నాను అబద్దమాడినాను. నాకు బుద్ది లేదు. నీతోటి ఏటి మాటాడాలో తెలీక తొంగున్నాను. ఇప్పుడు తెలిసింది. మా అత్తమ్మ ఆ మూత తియ్యకుండా సూడు. ఆవిడ లేకపోతే నాకు బీరకాయ కూర ఉప్పు లేకుండా ఒండడం కూడా రాదు. మా మావయ్యలాగా ఆ మంచం మీద ఆవిణ్ని నాను సూళ్లేను. నా మీద కోపం ఉంటే నన్ను తిట్టు. ఆవిణ్ని మాత్రం..."

ఆమెన్ చెప్పడం కూడా మరిచిపోయింది.

బంగారమ్మ చేయి జాడీ మూత మీద ఆగిపోయింది. వాసెన గుడ్డ మళ్లీ చుట్టి, ముడి వేసి, జాడీని కొడుకు చేతిలో పెట్టింది. రేపు ఇది పాస్టరమ్మగారింట్లో ఇచ్చెయ్యమంది. తర్వాత కోడలి పక్కన గుమ్మం మీదే కూలబడింది.

స్త్రీల కూటమిలో తను అరగంట ప్రార్థన చేస్తుందని అందరూ మెచ్చుకుంటారని, అందులో సగం పక్కవాళ్ల చెవుల కోసమేనని తనకి తెలుసని మెల్లగా చెప్పింది. భర్త చనిపోయిన వారంలో నౌపడ వెళ్లి, ఎవరూ లేని ఉప్పు మడి గట్టు మీద నిలబడి దేవుడి మీద గట్టిగా అరిచిందట. తను మనసారా చేసిన ప్రార్థన ఏదంటే అదొక్కటే గుర్తొస్తుందట.

"ఇన్నాళ్లకి ఇయ్యాల ఇంకోటి ఇన్నాను," అంది, కోడలి చెంప మీద చేయి వేసి. అక్కడ ఇప్పుడు గుర్తులేమీ లేవు, తడి మాత్రం ఉంది.

"మరి సాక్ష్యం అత్తమ్మా?"

"సెప్దాం. జాడీ సంగతి నాను సెప్తాను, సాప సంగతి నువ్వు సెప్పు. నవ్వుకుంటే నవ్వుకోనీ." కొంగుతో ముక్కు తుడుచుకుని, ఎప్పటి అత్తగారి గొంతులోకి వచ్చేసింది. "ఆ సాప తీసి అటక మీద పడెయ్. రేపు ఐదింటికి లెగు. సామాన్ల గది కాదు, ఇక్కడే, పొయ్యి దగ్గిర. రెండు పీటలు, రెండు గలాసుల టీ. ఐదు నిమిసాలు సాలు. నీకు నిద్దరొత్తే నాను గిల్లుతాను. నాకు మాటలెక్కువైతే నువ్వు గిల్లు."