పత్తిమిల్లు గోడ మీద దొరసాని

చెన్నూరు నుంచి గోదావరికి పోయే తొవ్వలో ఒక పాడుబడ్డ పత్తిమిల్లు ఉండేది. పొద్దుగూకితే ఆ పక్కకు కుక్క కూడా పోయేది కాదట. మిల్లు నడిచే రోజుల్లో శంకరవ్వ అనే కూలి మనిషి మీద పత్తికుప్ప విరిగిపడింది. అరిచింది... కానీ నోటినిండా పత్తి. ఎవరికీ వినపడలేదు. కుప్ప తీసేసరికి ప్రాణం పోయింది. అప్పటి నుంచి ఆ గోడల మధ్య ఏడుపు వినిపిస్తుందని చెప్పుకునేవారు. గట్టి ఏడుపు కాదు — అణిగిపోయిన ఏడుపు.

అలాంటి చోటికి భూమన్న చీకట్లో ఒంటరిగా పోయాడట. ఎందుకంటారా? కడుపుమంట! ఆ మంట అంటుకున్నవాడికి దెయ్యం గుర్తుంటుందా?

నిజాం రాజ్యం పోయి, ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తల్లో సంగతి. చెన్నూరులో డేరా టాకీసు నడిచేది. హిందీ బొమ్మ వచ్చినా, ఏ దేశానిదో తెలియని బొమ్మ వచ్చినా జనానికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అందుకని తెర పక్కన ఒక మనిషి నిలబడి, బొమ్మ నడుస్తుంటే కథంతా తెలుగులో చెప్పేవాడు. ఆ మనిషే భూమన్న.

నిజం చెప్పాలంటే ఆయనకూ ఆ భాషలు రావు. మొహాలు చూసి మాటలు అల్లేవాడు. దొంగకు దొంగ గొంతు, పటేలుకు పటేలు గొంతు. ఒక్కటే లోటు... ఆడమనిషి ఏడుపు రాదు. ఆయన ఏడిస్తే డేరా అంతా పడీ పడీ నవ్వేది.

అంతా బాగానే సాగుతుంటే మిషన్ దవాఖాన కాంపౌండరు సామ్యూల్ వచ్చి ఆయన నోట్లో మట్టి కొట్టాడు. చాయ్ హోటల్ ముందు కూర్చుని కథలు మొదలుపెట్టాడు. అవన్నీ దేశదేశాల బొమ్మల కథలేనట. మంచు కురిసే ఊళ్లో రోజూ తలుపు తట్టే పీనుగ... మొగణ్ణి ఏట్లోకి తోసి, అతని టోపీ పెట్టుకుని తిరిగే పెళ్లాం... అద్దంలో తప్ప ఎక్కడా కనపడని హంతకుడు. ఏ టాకీసుకూ రాని బొమ్మలు, ఎవరూ పేరు కూడా వినని బొమ్మలు.

"నీకెట్ల తెలుసయ్యా?" అని అడిగితే, "మా దవాఖాన తెల్లదొర చెప్పి పోయిండు" అనేవాడు సామ్యూల్.

హోటల్ ముందు జనం పెరిగారు, డేరాలో పలచబడ్డారు. టాకీసు యజమాని రాయమల్లు ఒకనాడు భూమన్నను పక్కకు పిలిచాడు.

"ఏమనుకోకు భూమన్నా. వాళ్ల పాస్టరయ్య ఒప్పుకుంటే, శుక్రారం బొమ్మకు సామ్యూల్‌ను నిలబెడ్త."

ఆ రోజు భూమన్నకు అన్నం సయించలేదు.

"తినరాదు" అంది భార్య రామవ్వ. "ఆయన కథ ఆయనది, నీ కథ నీది."

"తెర పక్కన జాగ పోతే నాకింక కథేడిదే? దొర దేశం పోయి రెండేండ్లాయె. గాయన చెప్పినయైతే ఎన్నడో ఒడిసిపోవాలె. గీ కొత్త కథలు వానికి ఏడికెళ్లి వస్తున్నయి?"

చీకటి పడగానే భూమన్న సామ్యూల్ వెంట పడ్డాడు. సామ్యూల్ ఊరు దాటాడు. గోదావరి తొవ్వ పట్టాడు. పత్తిమిల్లు దగ్గరికి వచ్చాడు... అంతే, మాయమయ్యాడు.

భూమన్న ఆగాడు. వెనక్కి పోదామా అంటే శుక్రవారం గుర్తొచ్చింది. గోడ పట్టుకుని, విరిగిన కిటికీ దాకా జరిగి, తొంగి చూశాడు.

లోపలి గోడ మీద — ఒక తెల్లటి ఆడమనిషి. తాడిచెట్టంత ఎత్తు! చేతిలో దీపం. నోరు తెరుస్తోంది, మూస్తోంది... మాట లేదు.

"శంకరవ్వా... నన్నిడిసిపెట్టు తల్లీ..." అని గొణిగాడు.

అప్పుడు వినపడింది — టక టక టక. చూపు కిందికి దించాడు. సామ్యూల్! కార్బైడ్ దీపం పెట్టిన పాత బొమ్మల మిషన్ ముందు కూర్చుని, చేత్తో తిప్పుతున్నాడు. పక్కన రేకు డబ్బాలు పెట్టెడు. దొర దేశం పోతూ వదిలిపెట్టిన, మాటల్లేని మూగబొమ్మలవి. సినిమా చూడడం వాళ్ల సంఘంలో పాపం. పాస్టరయ్యకు తెలిస్తే గుడిలో అందరి ముందు నిలదీస్తాడు. అందుకే ఎవరూ రాని ఈ జాగ వెతుక్కున్నాడన్నమాట.

భూమన్నకు భయం దిగిపోయింది. దిగిన చోటల్లా అసూయ ఎక్కింది. ఇంత బొమ్మ వీడొక్కడే చూస్తున్నాడా! గోడ మీది దొరసాని దీపం పట్టుకుని మెట్లెక్కుతోంది. పైన తలుపు సందులో ఒక టోపీ నీడ. ఆమె చూడలేదు... ఇంకో మెట్టు ఎక్కింది...

బొమ్మ నడుస్తుంటే నోరు మూసుకోవడం భూమన్నకు ఏనాడూ చేతకాలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఎక్కకు బిడ్డా... తలుపెనుక నిలవడ్డడు... గా టోపీ నీ మొగనిదే..."

ఖాళీ మిల్లులో ఆ గొంతు నాలుగు గోడలకూ తగిలి తిరిగొచ్చింది. సామ్యూల్ కొయ్యబారిపోయాడు. చెయ్యి ఆపితే దెయ్యం మీద పడుతుందనుకున్నాడో ఏమో, తిప్పుతూనే ఉన్నాడు. భూమన్న కూడా ఆపలేదు. మొగని గొంతు, ముసలి నౌకరు గొంతు, ఆఖరికి గాలి గొంతు కూడా పలికాడు. పుట్టి బుద్ధెరిగి అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

ఇంతలో దొరసాని మెట్ల మీద కూలబడి ఏడవసాగింది. భూమన్న టక్కున నోరు మూసుకున్నాడు. ఏడిస్తే అంతా పాడవుతుంది. చప్పుడు కాకుండా రోడ్డెక్కాడు. కొంత దూరం నడిచాక వెనక నుంచి సామ్యూల్ కేక వినపడింది. "ఉరుకు బిడ్డా, ఉరుకు" అని నవ్వుకుంటూ ఇల్లు చేరాడు.

తెల్లారి హోటల్ దగ్గర సామ్యూల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. జనం చుట్టూ మూగారు, రాయమల్లు కూడా ఉన్నాడు.

"రోగిని చూసి మిల్లు ముంగటికెళ్లి వస్తున్న. లోపట దెయ్యం... బొమ్మ కథ చెప్తున్నది" అన్నాడు సామ్యూల్.

"మన భూమన్న లెక్కనా?" అని నవ్వాడు హోటల్ హనుమండ్లు.

"భూమన్నదేం కథ! గా దెయ్యం ముంగట భూమన్న గోటికి సాలడు."

భూమన్నకు ఒళ్లు పొంగింది, మండింది కూడా. తన గొంతు మీద తనకే ఈర్ష్య! చాటుగా వెంటపడ్డానని చెబితే పరువు పోతుంది. పోతే పోనీ, తెర పక్కన జాగ దక్కుతుంది. 'గది నేనే' అనబోయాడు.

"గవన్ని ఒకెత్తు" అన్నాడు సామ్యూల్, గొంతు తగ్గించి, తను చెప్పిన అబద్ధం కూడా మరిచిపోయి. "ఆఖర్ల ఆడిమనిషి ఏడ్చింది సూడు... నోట్లె పత్తి కుక్కితె ఏడ్చినట్టు... నా పక్కపొంటే కూసొని ఏడ్చింది."

ఎవరూ నవ్వలేదు. భూమన్న తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. తను ఏడవలేదు. మరి...?

ఇంకెవరైనా అయితే వణికిపోయేవారు. భూమన్నా వణికాడు, కాదనను. కానీ వణుకు కంటే ముందు మంటే వచ్చింది. ఇన్నేళ్లలో తనకు ఒక్కసారీ రాని ఏడుపు... ఎవరిదో ఒక్క రాత్రిలో సామ్యూల్‌ను అంత కదిలించిందా!

పొద్దుగూకినాక చెప్పులు తొడుక్కుంటుంటే రామవ్వ అడిగింది, "ఏడికి?"

"జర పనున్నది. నేర్చుకొని వస్త."

సామ్యూల్ తెర పక్కన నిలబడడానికి పాస్టరయ్య ఒప్పుకోలేదు. శుక్రవారం డేరాలో భూమన్నే నిలబడ్డాడు. బొమ్మలో తల్లి ఏడ్చింది, భూమన్న నోరు తెరిచాడు... ఒక్కరంటే ఒక్కరు నవ్వలేదట. ముందు వరుసలో పిల్లలు తల్లుల కొంగుల్లో మొహాలు దాచుకున్నారట.

ఇంటికొచ్చాక రామవ్వ ఆయన పెదవికి అంటుకున్న దూదిపింజను వేళ్లతో తీసి పొయ్యిలో వేసింది.